లెక్కలోకి రాని పదకొండు మంది

జనవరి 6, సోమవారం

బింగో కార్డుల కోసం కింది సొరుగు లాగితే అట్టడుగున ఆ కవరు కనబడింది. మీద ఆర్డిస్ గారి చేతిరాతలో పార్టీ ఆఫీసు చిరునామా, మూలన స్టాంపు, లోపల పదకొండు సంతకాలు. నవంబరు పద్దెనిమిదిలోగా చేరాల్సిన కవరు.

పోస్టు చేశాననే అనుకున్నాను. అనుకోవడమేమిటి, భోజనాల గదిలో అందరి ముందూ చెప్పాను కూడా. స్టాంపు అంటించిన సంగతి బాగా గుర్తుంది. ఆ తర్వాత ఏం చేశానో ఎంత గింజుకున్నా గుర్తుకు రావడం లేదు. ఆ వారం నేను పనిచేసే ఈ వృద్ధుల నివాసంలో సగం మందికి ఫ్లూ. సాకు చెప్పడం లేదు, నిజంగానే ఫ్లూ.

నవంబరు ఎన్నికలకైతే పోస్టల్ బ్యాలెట్ వాళ్ళ మంచం దగ్గరికే వస్తుంది. అధ్యక్ష పదవికి పార్టీ అభ్యర్థిని ఎంచుకునే మా ఐయోవా కాకస్ అలా కాదు. సాయంత్రం ఏడింటికి బడి జిమ్ములో హాజరై, ఊరందరి కళ్ళముందూ మన అభ్యర్థి మూలకు నడిచి వెళ్ళి నిలబడాలి. మనిషి రాకపోతే ఓటు లేదు. ఫిబ్రవరి మంచులో తొంభై ఏళ్ళవాళ్ళు ఎలా వస్తారని ఆర్డిస్ గారు రెండేళ్ళు పార్టీవాళ్ళను పీక్కుతిన్నారు. చివరికి ఈసారి మాలాంటి వృద్ధుల నివాసాల్లోనే కాకస్ పెట్టుకోవచ్చన్నారు, ముందుగా దరఖాస్తు పంపితే. ఆ దరఖాస్తే ఇది.

నాకు తెలిసిందే నాకు నేను చెప్పుకుంటున్నాను. రాస్తున్నంతసేపూ వెళ్ళి వాళ్ళకు చెప్పే పని ఉండదు కదా.

జనవరి 7

చెప్పలేదు. ఆర్డిస్ గారికి పంటి నొప్పి. నొప్పి తగ్గాక చెబుతాను.

జనవరి 9, గురువారం

పార్టీ ఆఫీసుకు ఫోన్ చేశాను. నా పేరు చెప్పకుండా, ఇంకెవరి సంగతో అడుగుతున్నట్టు అడిగాను. ఫోన్ ఎత్తిన పిల్ల చాలా మర్యాదస్తురాలు. గడువు దాటితే ఏమీ చేయలేమండీ, కానీ ఎవరైనా సరే బడికి వచ్చి నిలబడొచ్చు, తలుపులు తెరిచే ఉంటాయి అంది.

అంటే దారి ఉంది. ఒట్టి చేతులతో వెళ్ళి నేను మరిచిపోయాను అని చెబితే చాలు. మరిచిపోవడం నేరమా? ఇక్కడ అందరూ రోజూ ఏదో ఒకటి మరిచిపోతూనే ఉంటారు. అయితే వాళ్ళు ఎనభైలు దాటినవాళ్ళు, నాకు నలభై తొమ్మిది.

జనవరి 14, మంగళవారం

మధ్యాహ్నం మాంసం, చిక్కుడు గింజలు వేసి వండిన చిల్లీ, దాల్చినచెక్క రోల్స్. అవి పెట్టిన రోజు ఎవరూ గదిలో పడుకోరు. ఆర్డిస్ గారు బల్ల మీద చెంచాతో తట్టి, ఇక ఇరవై రోజులే ఉందని ప్రకటించారు. తొంభై ఒకటో ఏట ఆ గొంతు చూడాలి. ముప్పై ఏళ్ళు వాళ్ళ పల్లె కాకస్ ఆవిడ ఇంటి ముందు గదిలోనే జరిగింది.

"ఎనభై ఎనిమిదిలో నా ఇంట్లో కూర్చుని, నా కాఫీ తాగి, నా మనుషుల్నే లాక్కుపోయాడు ఈ వెండెల్," అంది ఆవిడ.

"నీ కాఫీ తాగలేకే వాళ్ళు అవతలి మూలకి పారిపోయారు ఆర్డిస్. నేను లాక్కున్నదేం లేదు," అన్నారు వెండెల్ గారు. ఇద్దరి పొలాలకూ మధ్య ఒకటే కంచె. పొలాలు అమ్మేసినా ఆ కంచె మాత్రం ఇక్కడ ఇద్దరి కుర్చీల మధ్యా అలాగే ఉంది.

"ఈసారి చూస్తాగా. మీ అభ్యర్థి ఆ జనరల్ గారికి నువ్వు తప్ప దిక్కు లేదు."

"మీ టీచరమ్మకి మాత్రం ఎవరున్నారు? నువ్వూ, నీ వాకరూ."

అందరూ నవ్వారు. చూపు లేని ఓర్విల్ గారు అందరికంటే గట్టిగా నవ్వారు. ఆయన మూడో అభ్యర్థి, గవర్నరు గారి మనిషి. ఇక్కడ ఎక్కువమంది గవర్నరు మనుషులే.

"కార్డులు వచ్చాయా అమ్మాయ్?" అని ఆర్డిస్ గారు నా వైపు తిరిగారు. ఎవరు ఎటు నిలబడ్డారో రాసి సంతకం పెట్టే కార్డులు. పార్టీ పంపాలి.

"వచ్చేస్తాయండీ," అన్నాను.

"ఈ పిల్ల ఉంది కాబట్టి సరిపోయింది. లేకపోతే మనల్ని ఎవరు పట్టించుకుంటారు?" అంది అందరితో.

ఆ ఒక్క మాట అనకుండా ఉండాల్సింది. అప్పుడే చెప్పేసేదాన్ని. నిజంగా నోటి దాకా వచ్చింది.

జనవరి 16

కార్డులు నేనే అచ్చు వేశాను. గులాబీ రంగు కాగితం, ఆఫీసు ప్రింటరు. పన్నెండు వేశాను, ఒకటి పాడైతే ఉంటుందని.

జనవరి 20, సోమవారం

ఆర్డిస్ గారు నా ఆఫీసులో ఎదురుగా కూర్చుని కార్డులు తిరగేస్తున్నారు. "ఈసారి పల్చటి కాగితం వేశారేమిటి, పీనాసి వెధవలు," అంటున్నారు. అప్పుడు ఫోన్ మోగింది. జిల్లా పార్టీ నుంచి లైల్ అట. కిందటేడే ఈ జిల్లాకు వచ్చాడట, ఆర్డిస్ గారెవరో తెలియదు, మా దరఖాస్తు సంగతీ తెలియదు.

"జోలీన్ గారూ, మూడో తారీకు మీవాళ్ళెవరికైనా బడి దాకా బండి కావాలా? చక్రాల కుర్చీలు ఎక్కే వ్యాన్ దొరికింది. ఆరుగురిని తీసుకెళ్ళి, అయ్యాక దింపేస్తాం. పోస్టులో పంపే వీల్లేదు కదండీ, మనుషుల్నే మోసుకెళ్ళాలి మరి."

ఎంత మంచి గొంతు. నేను ఆర్డిస్ గారి మొహం చూస్తున్నాను. ఆవిడ నా మొహం చూస్తోంది.

"మావాళ్ళకి అవసరం లేదండీ," అన్నాను.

"ఖాయమేనా?"

"ఖాయమేనండీ. థాంక్స్."

ఎవరని అడిగారు ఆర్డిస్ గారు. బడికి బండి పంపుతామంటున్నారని చెప్పాను. "మనకెందుకు? ఈసారి బడే మన దగ్గరికి వస్తుంటే," అని మురిసిపోయింది.

నంబరు రాసి పెట్టుకున్నాను. ఆవిడ వెళ్ళాక చేద్దామని.

జనవరి 21

చేయలేదు.

జనవరి 22

చేయలేదు. లైన్ బిజీగా ఉంటుంది ఈ రోజుల్లో.

జనవరి 24, శుక్రవారం

సెనాడా వచ్చింది. మా వంటింట్లో పన్నెండేళ్ళుగా పనిచేస్తోంది. బోస్నియా నుంచి వచ్చి ఇరవై ఏళ్ళు దాటినా, పౌరసత్వం వచ్చింది మాత్రం కిందటి వేసవిలోనే. ఆ రోజు మేం కేకు కోశాం.

"జోలీనక్కా, మూడో తారీకు సాయంత్రం డ్యూటీ మార్చుకున్నా. బడికి వెళ్దామని. మొదటిసారి కదా," అంది. కాసేపాగి, "కానీ ఆర్డిస్ గారేమో ఇక్కడే నిలబడొచ్చు, పనివాళ్ళకి కూడా చెల్లుతుంది అంటున్నారు. ఆ పదకొండో సంతకం నాదే కదా. ఇక్కడ నిలబడితే డ్యూటీ పోదు, జీతం పోదు. నువ్వేమంటావు?"

నేనేమన్నాను?

"నీ ఇష్టం," అన్నాను.

"చెల్లుతుందా లేదా చెప్పు."

"చెల్లుతుంది."

ఇది ఎవరూ నాతో బలవంతంగా అనిపించలేదు. ఆర్డిస్ గారు పక్కన లేరు. ఫోన్ మోగలేదు. వంటింటి గుమ్మంలో ఒక మనిషి సూటిగా ఒక ప్రశ్న అడిగింది, నేను సూటిగా అబద్ధం చెప్పాను. ఫ్లూ అని రాశాను కదా పైన. దీనికి ఏం పేరు పెడతానో చూద్దాం.

జనవరి 30

ఇంకా టైముంది. నాలుగు రోజులు.

ఫిబ్రవరి 2, ఆదివారం

మంచు కురుస్తోంది. రోడ్లు మూసేస్తారేమో. మూసేస్తే ఎలాగూ ఎవరూ వెళ్ళలేరు, అప్పుడు నేను చెప్పకపోవడం వల్ల పోయేదేమీ ఉండదు.

ఇలా కోరుకున్నందుకు సిగ్గుపడాలి. పడుతున్నాను. అయినా కిటికీ దగ్గరికి నాలుగుసార్లు వెళ్ళాను.

ఫిబ్రవరి 3, సోమవారం

పొద్దున్నే మంచు తోసే బండ్లు తిరిగి రోడ్లన్నీ శుభ్రం చేశాయి.

ఆరున్నరకే అందరూ తయారు. ఆర్డిస్ గారు నీలం కోటు, ముత్యాల దండ. వెండెల్ గారు టై కట్టుకున్నారు, మనవడి పెళ్ళికి కూడా కట్టుకోలేదని కూతురే చెప్పింది. భోజనాల గదిలో గోడకు మూడు కాగితాలు అంటించాను: గవర్నరు, టీచరమ్మ, జనరల్. నా చేతులతో నేనే.

ఆర్డిస్ గారు నిబంధనలు చదివారు, కాగితం చూడకుండా. పదకొండు మందిలో కనీసం ముగ్గురు లేని మూల నిలవదు. మూల నిలవకపోతే ఆ మనుషులు వేరే చోటికి వెళ్ళాలి, లేదా ఇంటికి పోవాలి.

"మేం ఉండేదే ఇక్కడ, ఎక్కడికి పోతాం?" అన్నారు ఓర్విల్ గారు.

మొదటిసారి నిలబడ్డప్పుడు గవర్నరు దగ్గర ఎనిమిది మంది. టీచరమ్మ దగ్గర ఆర్డిస్ గారూ, పక్కన ఏప్రను విప్పేసి మంచి చొక్కా వేసుకున్న సెనాడా. జనరల్ దగ్గర వెండెల్ గారు ఒంటరిగా, వాకర్ పట్టుకుని.

"ఒకటి తక్కువైంది ఆర్డిస్," అన్నాడాయన.

"నీకు రెండు తక్కువయ్యాయి. ముందు నీ సంగతి చూసుకో."

అప్పుడు పిలుపులు మొదలయ్యాయి. గవర్నరు మూల నుంచి ఓర్విల్ గారు, "ఇటు వచ్చెయ్ వెండెల్, నెల రోజులు నా పుడ్డింగు నీదే," అని బేరం పెట్టారు. సెనాడా మాత్రం బేరం పెట్టలేదు. "తాతగారూ, మా ఊళ్ళో చిన్నప్పుడు ఓటేస్తే ఎవరికేశామో చెప్పడానికి భయం. ఇక్కడ ఇలా అందరి ముందూ నిలబడితే ఇప్పటికీ ఆ భయమే. మీరొచ్చి పక్కన నిలబడితే కొంచెం ధైర్యంగా ఉంటుంది," అంది.

ఆయన గది మొత్తం దాటి రావడానికి ఎంతసేపు పట్టిందో. పాతిక అడుగులుంటాయేమో. మధ్యలో రెండుసార్లు ఆగారు. ఆర్డిస్ గారి పక్కకు చేరి, ఊపిరి తీసుకుని, "నలభై ఏళ్ళు ఎదురుగా నిలబడి నీ మొహం చూసీ చూసీ విసుగొచ్చింది. ఓసారి పక్క నుంచి చూద్దామని," అన్నాడు.

ఆవిడ ఆయన వైపు తిరిగింది. ఆయన టై సరిచేసింది. ఓర్విల్ గారు, "ఏమైంది? ఎవరైనా చెప్పండి, ఏమైంది?" అని అడుగుతుంటే గది గదంతా చప్పట్లు.

ఎనిమిది, మూడు. కార్డుల మీద సంతకాలు పెట్టారు. "ఫోన్ చేసి చెప్పెయ్ అమ్మాయ్," అన్నారు ఆర్డిస్ గారు.

నా ఆఫీసు గోడ అద్దానిది. అవతల పదకొండు మందీ చూస్తున్నారు. ఫోన్ ఎత్తాను. నంబరేమీ నొక్కలేదు. గుయ్యిమంటున్న ఉత్త లైనుకి చెప్పాను: "ఎనిమిది. మూడు. అవునండీ, రెండుసార్లు లెక్కపెట్టాం. మంచిదండీ." ఫోన్ పెట్టేసి వాళ్ళ వైపు బొటనవేలు ఎత్తి చూపించాను.

ఈ పేజీ చించేద్దామనుకున్నాను. ఉండనీ.

ఫిబ్రవరి 4, మంగళవారం

రాష్ట్రమంతా ఫలితాలు ఇరుక్కుపోయాయట. లెక్కలు పంపే ఏర్పాటేదో పనిచేయలేదు, ఫోన్లు ఎవరూ ఎత్తలేదు. టీవీలో అందరూ తిట్టుకుంటున్నారు. దేశమంతా నవ్వుతోంది.

నా అంత సంతోషించిన మనిషి ఈ రాష్ట్రంలో ఇంకొకరు ఉండరు. వాళ్ళ తప్పులో నా తప్పు దాక్కోవడానికి బోలెడంత చోటుంది. పొద్దున కాఫీ దగ్గర, "ఏమో, మనది కూడా ఎక్కడో పడిపోయిందేమో," అని నేనే అన్నాను. ఎవరూ అడక్కుండానే.

ఫిబ్రవరి 6, గురువారం

పేపర్లో జాబితా వచ్చింది. ఆర్డిస్ గారు భూతద్దం పెట్టి వరుస వరుసా చదివారు. మా జిల్లా అయిపోయాక మళ్ళీ మొదటి నుంచి చదివారు.

"మనది లేదు. ఆ రోజు నువ్వు ఎవరితో మాట్లాడావ్?"

"ఎవరో ఒకాయన. పేరు చెప్పలేదు."

"పేరు అడగాలమ్మా. ఎప్పుడూ అడగాలి," అంది, కోపంగా కాదు, చిన్నపిల్లకు నేర్పినట్టు. తర్వాత తన గదిలోంచి పార్టీ ఆఫీసుకు తనే ఫోన్ చేసింది. మెనూ కాగితం వెనక తను రాసుకున్న లెక్క చదివి వినిపించింది. మొత్తం గంటసేపు.

ఫిబ్రవరి 7, శుక్రవారం

లైల్ వచ్చాడు. ముప్పై ఐదేళ్ళుంటాయి. మూడు రోజులుగా నిద్రలేని కళ్ళు. మధ్యాహ్న భోజనం వేళకు చేతిలో ఫైలుతో వచ్చి, టోపీ తీసి, ఆర్డిస్ గారి బల్ల దగ్గర నిలబడ్డాడు.

"అమ్మా, మీ లెక్క కోసం అన్ని పెట్టెలూ వెతికాం. దొరకలేదు. అసలు మీ పేరుతో చోటే నమోదు కాలేదు."

"నమోదు కాకపోతే కార్డులెలా వచ్చాయయ్యా?"

"ఏం కార్డులండీ?"

ఆవిడ లేచి నిలబడింది. వాకర్ లేకుండా. "చూడు బాబూ. మీ ఫోన్లు పనిచేయలేదు, మీ లెక్కలు పనిచేయలేదు, ఇప్పుడు మా కాగితాలు మేం పంపలేదంటున్నావా? దరఖాస్తు నా చేత్తో రాశాను. ఈ జోలీన్ పోస్టు చేసింది. ఆ రాత్రి ఫోన్ చేసి లెక్క చెప్పింది, మేం పదకొండు మందిమీ కళ్ళతో చూశాం. ఈ పిల్ల ఏ రోజూ నాకు అబద్ధం చెప్పలేదు. పారేసుకున్నది మీరు. వెళ్ళి వెతుక్కో."

లైల్ మొహం ఎర్రబడింది. నిజంగా తమదే తప్పనుకున్నాడు పాపం. "క్షమించండమ్మా, ఇంకోసారి చూస్తాం," అన్నాడు. "మీలాంటివాళ్ళు రాలేకపోవడం వల్లే ఎంత నష్టమో మాకు తెలుసు. బడిలో టీచరమ్మ మూల నిలవలేకపోయింది. ఇద్దరంటే ఇద్దరే తక్కువయ్యారు."

ఇద్దరు.

సెనాడా పళ్ళేలు తీస్తూ ఆగిపోయింది. డ్యూటీ మార్చుకున్న మనిషి. ముత్యాల దండ వేసుకున్న ఆర్డిస్ గారు. వ్యాన్‌లో ఆరు సీట్లు.

లైల్ వెళ్ళిపోతున్నాడు. వెళ్ళనిస్తే అయిపోయేది. పాడైన పెట్టెల కింద మా పదకొండు మందీ శాశ్వతంగా పోయేవాళ్ళు, నేను మంచి పిల్లగా మిగిలేదాన్ని.

"పోస్టు చేయలేదు," అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. మళ్ళీ అన్నాను. "నేను పోస్టు చేయలేదు. సొరుగులో ఉండిపోయింది. కార్డులు నేనే వేశాను. ఫోన్‌లో అవతల ఎవరూ లేరు."

ఓర్విల్ గారు, "ఏమంటోంది?" అని అడిగారు. ఆర్డిస్ గారు నెమ్మదిగా వెనక్కి కూర్చుంటే వెండెల్ గారు కుర్చీ పట్టుకున్నారు. అప్పుడు లైల్ నా వైపు చూసి చాలా చిన్నగా అడిగాడు: "బండి అవసరం లేదన్నది మీరే కదండీ?"

ఫిబ్రవరి 8

ఈరోజు ఎవరూ బింగోకు రాలేదు.

ఫిబ్రవరి 10, సోమవారం

మేనేజరుకు నేనే వెళ్ళి చెప్పాను. రాతపూర్వకంగా హెచ్చరిక ఇచ్చారు. ఉద్యోగం తీసేయలేదు, తీసేస్తే కొంత తేలికపడేదాన్నేమో.

ఆర్డిస్ గారి గదికి వెళ్ళాను. క్షమాపణ చెప్పడానికి నాలుగు వాక్యాలు తయారు చేసుకున్నాను. రెండో వాక్యం దగ్గరే ఆపింది.

"కవరు మరిచిపోయావు. సరే. మనుషులన్నాక మరిచిపోతారు. నేను అడిగేది అది కాదు. వ్యాన్ పంపుతానన్నప్పుడు నేను నీ ఎదురుగా కూర్చుని ఉన్నాను. 'అమ్మా, పొరపాటైంది, కోటు వేసుకోండి' అంటే చాలు. పదిహేను రోజులుంది. ఎందుకనలేదు?"

"మీరు నన్ను... మీరు నా గురించి అంత మంచిగా అనుకుంటున్నారని."

"అంటే నా మెప్పు నీకు మిగలడం కోసం నా ఓటు పోగొట్టావు."

ఇంతకంటే సరిగ్గా ఎవరూ చెప్పలేరు. ముప్పై ఐదు రోజులుగా ఇన్ని పేజీలు రాసి నేను చెప్పుకోలేకపోయింది ఆవిడ ఒక్క ముక్కలో చెప్పింది.

"వెండెల్ ఆ గది దాటడానికి ఎంత కష్టపడ్డాడో చూశావా?" అంది.

"చూశానండీ."

"చూస్తూ ఊరుకున్నావు."

కిటికీ వైపు తిరిగింది. నేను వచ్చేశాను.

ఫిబ్రవరి 13

సెనాడా నాతో మాట్లాడుతోంది. ఉప్పు అయిపోయింది, శుక్రవారం చేపలు, అలాంటివి. అక్కా అనడం లేదు.

ఫిబ్రవరి 19, బుధవారం

జూన్‌లో రాష్ట్రపు ప్రైమరీ ఉంది, మిగతా పదవులకు పార్టీ అభ్యర్థులను ఎంచుకునే ఎన్నిక. దానికి మూలల్లో నిలబడక్కర్లేదు, పోస్టల్ బ్యాలెట్ తెప్పించుకుని మంచం మీదే వేసుకోవచ్చు. ఆర్డిస్ గారు లైల్‌కి ఫోన్ చేసి అందరికీ దరఖాస్తులు తెప్పించారు. అతను తెచ్చి నా బల్ల మీద పెట్టబోతే, "అక్కడ కాదు బాబూ, వంటింట్లో ఇవ్వు," అన్నారు.

భోజనాలయ్యాక సెనాడా బల్ల దగ్గర కూర్చుంది. ఒక్కొక్కరే నింపి ఆమెకు ఇస్తున్నారు. ఆమె ప్రతి కాగితం తీసుకుని పేరు పైకి చదివి, తన సంచిలో పెట్టుకుంటోంది. సాయంత్రం ఇంటికి వెళుతూ పోస్టాఫీసు కిటికీలో తనే ఇస్తుందట, రసీదు తెస్తుందట. నేను అవతల పూలకుండీలకు నీళ్ళు పోస్తున్నాను. వాటికి పొద్దున్నే పోశాను.

"జోలీన్ ఉందా ఇక్కడ?" అన్నారు ఓర్విల్ గారు.

పన్నెండు రోజుల్లో నా పేరు పిలిచిన మొదటి మనిషి. దాదాపు పరుగెత్తాను.

"ఇది చదివి పెట్టమ్మా. మిగతావాళ్ళు చదివితే నాకు సగం వినపడదు. నీ గొంతు బాగుంటుంది."

పక్కన కూర్చుని చదివాను. ప్రతి అక్షరం చదివాను, కింద చిన్న అచ్చులో ఉన్నది కూడా. పేరు, పుట్టిన తేదీ, చిరునామా అన్నీ ఆయన చెబితే రాశాను. రాసింది మళ్ళీ పైకి చదివి వినిపించాను. ఆయన వేలు పట్టుకుని సంతకం గీత మీద ఆనించాను. వంకరగా, పెద్దగా సంతకం పెట్టారు.

కాగితం తీసుకుందామని చెయ్యి చాపాను. ఆయన వదల్లేదు.

"సెనాడా!" అని కేకేశారు. "చెయ్యి ఖాళీ అయితే ఇది తీసుకెళ్ళమ్మా."

"నేను ఇక్కడే ఉన్నాను ఓర్విల్ గారూ," అన్నాను. "నేనిస్తాను. రెండడుగులే."

"తెలుసమ్మా," అన్నారు, ఎంతో మర్యాదగా. సెనాడా చేతులు తుడుచుకుని వచ్చేదాకా ఆ కాగితాన్ని రెండు చేతులతో ఛాతీకి ఆనించుకుని కూర్చున్నారు.